అద్దమసొంటి నీళ్లు

"నల్లా వచ్చిందీ... నల్లా! లేవుండ్రే, బిందెలు వెట్టుండ్రే!"

ఇన్నవా బిడ్డా? గది గల్లీ ఆ సివర సత్తెమ్మ గొంతు. మున్సిపాలిటోళ్లు గామెకే జీతమిచ్చి కూసోవెడితే నిజామాబాద్ సగం ఊరికి ఖబర్ అందుతది. ఇగ సూడు, అందరు మోటర్లు ఏస్తరు, మన నల్లాల దారమోలె సన్నగ వస్తది. పైపు వెట్టు, బకీట్ నిండనియ్.

ఏమన్నవ్? మల్లోపారి అను, మోటర్ సప్పుడుల ఇనవడలే. "మామా, గీ నల్లా నీళ్లతోనే రీలు కడిగే మందు కలుపొచ్చా" అంటవా?

వారెవ్వా! నా మేనకోడలంటే గిట్లుండాలె. గిదే మాట అప్పట్ల మీ నాయిన ఒక్కపారి నన్ను అడిగుంటే, నలభై ఏండ్ల సంది గీ ఇంట్ల మనుషులు సుఖంగ బువ్వ తినేటోళ్లు. అడుగుతడా? బోధన్ల ఫోటో స్టూడియో ఓనరాయె, సొంతం చీకటి గదున్న మనిషాయె. బామ్మర్దిని అడిగితే ఇజ్జత్ పోదా?

ఫోన్ల రికార్డు వెట్టినవా? వెట్టు, జర దగ్గర వెట్టు. మీ నాయిన, మా లింబాద్రి బావ, అగో గా కుర్సీల కూసొని పేపర్ సదువుతున్నట్టు యాక్టింగ్ జేస్తుండు, చెవులు మాత్రం గిటే ఉన్నయ్. ఇననియ్.

ముందుగాల ఇయ్యాల్టి సంగతి సెప్పుకోవాలె, లేకుంటె రేపు ఇన్నోళ్లకు సమజ్ గాదు. పొద్దుగాల నువ్వు మీ అమ్మమ్మ ఫోటో దీసినవ్. మా అవ్వ ఫోటోకు కూసున్నదంటె నేనింక నమ్ముతలేను. ఆధార్ కార్డు కాడ సుత కండ్లు మూసుకున్న మనిషి, "తీసుకుంటె తీసుకో, నేనైతె సూడ" అని. గసొంటి మనిషిని నువ్వు ఒప్పిచ్చినవ్. గోడకున్న మీ తాత, మా బాపు ఫోటో దించి, ఒళ్లె వెట్టుకొని, నీ పాత కెమెరా ముంగట కూసున్నది. ఊకె కూసున్నదా? షరతు వెట్టి కూసున్నది. "రీలు కడిగినంక నా మొఖం సాఫ్‌గున్నదో లేదో సూస్త. సూసినంకనే తింట." గీ ఇంట్ల అవ్వ తినకముందు ఎవ్వలు తినరు. గది బాపు ఉన్నప్పటి సంది నడుస్తున్న పద్ధతి.

ఇగ జూడు తమాష. పొయ్యి మీద నాటుకోడి కూర ఉడికి సల్లవడ్డది. మీ శోభత్త జొన్నరొట్టెలు గుడ్డల సుట్టివెట్టి, గడెకోపారి మన దిక్కు సూస్తున్నది, గా సూపుకే కూర మల్ల ఉడకాలె. నీ తాన ఉన్నది ఒక్కటే రీలు, ఒక్కటే మందు ప్యాకెట్. చెడిపోయిందనుకో, మనం ఇయ్యాల శివరాత్రి జేసుకుంటున్నం అనుకోవాలె, అంతే.

ఆఁ, నీళ్లు. నీళ్ల ముచ్చటకు వస్త.

నల్లా నీళ్లంటవా? గా రంగు సూడు, పాలు తక్కువైన ఛాయ. పైపులల్ల తుప్పంత మనకే పంపిండ్రు, ప్రేమతోని. తేరినంక, బట్టల వడవోసి, రీలు కడుగుడుకు వాడుకోవచ్చు. మందు కలుపుడుకు వద్దు. పెరట్ల బోరున్నది. దాని నీళ్లు మస్తు మంచియి బిడ్డా, బకీట్లకు ఫుకట్ల సున్నం ఏస్తయ్. నెత్తికి పోసుకుంటె ఎంటికలు చీపురోలె నిలవడ్తయ్. గా నీళ్లల్ల నీ మందు కలిపినవనుకో, మందుల ఉండే సోడాకు గా సున్నం తాకి, తెల్లగ పొడోలె దిగుతది. రీలుకు అంటుకుంటది. ఎండినంక సుక్కలు, సుక్కలు. ఇగ క్యాన్ నీళ్లు. ఆటోకు మైకు వెట్టుకొని అమ్ముతరు గదా, గవి. నీళ్లు కొనుక్కొని తాగుతరని మా సిన్నతనంల ఎవలన్న సెప్తె గంజాయి తాగినవా అనేటోళ్లు. గవైతె నడుస్తయ్, గని లోపటి ఫిల్టర్ ఎన్నడు మార్చిండ్రో అడిగితే అమ్మెటోడు సుత పైకి సూస్తడు.

గందుకే మీ నాయిన ఏం తెచ్చిండో సూసినవా? డిస్టిల్డ్ నీళ్లు. కార్ల బ్యాటరీలల్ల పోస్తరు సూడు, గవి. బోధన్ నుంచి బస్సుల, సీసాలు తువ్వాలల సుట్టి, ఒళ్లె వెట్టుకొని తెచ్చిండు. కండక్టర్ పిలగానికి టికెట్ ఏది అని అడగలే, నయం. నిన్ను దవాఖాన నుంచి ఇంటికి తెచ్చినప్పుడు సుత గంత పదిలంగ పట్టుకోలే బిడ్డా, పక్కనే ఉండి సూసినోన్ని నేను.

"గంగాధరూ, కథ ఆపి మందు కలుపు."

ఇన్నవా? పేపర్ల గదే రాసున్నది గావొచ్చు, సదివి సెప్తుండు. కలుపుతున్న బావా, కలుపుతున్న. సంధ్యా, గా స్టీల్ గిన్నె ఇటియ్యి. ఇది ఇగ వంటకు పనికిరాదు, మీ అత్తకింక సెప్పలే, తిన్నంక సెప్దాం. నీళ్లు గోరెచ్చ కంటె జరంత ఎక్కువ కాగినయ్, సాలు. పొడి జర్ర జర్ర పొయ్యి, నేను తిప్పుత. జోరుగ తిప్పొద్దు, గాలి కలిస్తె మందు బలం తగ్గుతది. సూడు, ఇంక మబ్బుగనే ఉన్నది. భయపడకు, కరుగుతది. గిట్ల గట్టు మీద వెట్టి జర సల్లారనిద్దాం. రీలు ఎట్లాగు నువ్వు నల్ల సంచిల చేతులు వెట్టి డబ్బల ఎక్కిచ్చినవ్, ఇగ దానికి ఎలుగు భయం లేదు. మా కాలంల గా డబ్బలు మాకేడియి? చీకట్ల నిలవడి, రీలుకు రెండు కొసలు పట్టుకొని, తొట్టిల పైకి కిందికి ఊపుడే, ఉయ్యాల ఊపినట్టు. ఏం అంటుకున్నదో, ఏం రాలిందో కండ్లకు కనవడది.

మందు కరిగెదాంక అసలు ముచ్చట సెప్త, ఇను.

మీ నాయిన స్టూడియో బోధన్ల, శెక్కర ఫ్యాక్టరీ రోడ్డుకే ఉండె. శెరుకు ఆడే దినాలు వస్తె రోడ్డు పొంటి బండ్లే బండ్లు, ఊరంత బెల్లపు వాసన. శెరుకు దించిన రైతులు తిరిగి పోంగ ఫోటో దిగిపోయేటోళ్లు. స్టూడియోల ఒక్కటే కోటుండె, నల్లది. బోధన్ సుట్టుపక్కల మొగోళ్లందరు గా ఒక్క కోటుల్నే దిగిండ్రు. పొడుగోడు, పొట్టోడు, బక్కోడు... బక్కోడైతే యెనక పిన్నీసులు వెట్టేది. నువ్వు ఏ ఇంటికన్న పోయి సూడు, గోడకు గదే కోటుంటది, తలకాయలే మారుతయ్. బావ ఫోటో దీసుడు, నేను కడుగుడు. నేను పదో తరగతిల లెక్కలు తప్పి అప్పటికే గీ పనిల పక్కా అయిన.

మందు ఇప్పటి లెక్క ప్యాకెట్‌ల రాకపోయేది. అన్ని యేరేయేరుగ తూకమేసి కలుపుకునుడే. దాని కాయితం మీద మెత్తటి నీళ్లు వాడాలె అని రాసుంటది. మీ నాయిన గది సదివి ఏం జేసిండో ఎర్కేనా? నీళ్లల్ల ఏళ్లు వెట్టి పిసికి సూసిండు, మెత్తగున్నయా, గట్టిగున్నయా అని. పిండి పిసికినట్టు బిడ్డా! నవ్వకు, నీ నాయిన. తర్వాత ఎవలో సెప్పిండ్రు, సబ్బు రుద్దితే నురగొస్తె మెత్తటి నీళ్లు, రాకపోతె సున్నపు నీళ్లు అని. ఇగ బోధన్ల ఏ బోరు కాడ సూసినా లింబాద్రి ఫోటోగ్రాఫర్ సబ్బు వట్టుకొని నిలవడేది. ఏ బోర్ల నురగ రాలే. ఆఖరికి కాలువ నీళ్లు మెత్తగున్నయని తేల్చిండు. మోసుకొచ్చేది ఎవలు? ఇంకెవలు, బామ్మర్ది. సైకిల్ మీద బిందెలు గట్టుకొని నేనే.

"కాలువ నీళ్లు మెత్తగనే ఉండె గదా. అబద్ధమా?"

అబద్ధం గాదు బావా, నిజమే. నువ్వు పేపర్ సదువుకో.

గా యేడు బాపు శెరుకు మంచిగొచ్చింది. ఆఖరు బండి దించినంక అవ్వను ఎంటవెట్టుకొని బోధన్ వచ్చిండు. బాపు అంతకుముందు ఫోటో దిగలే. కెమెరా సూస్తె సిగ్గు. మీసాలున్న మనిషి, కోడెలను ఒంటి చేత్తోని ఆపేటోడు, కెమెరా ముంగట మాత్రం కొత్త పెండ్లికూతురే. బావ గా నల్ల కోటు తొడిగిచ్చి, అవ్వ పక్కన కుర్సీల కూసోవెట్టి, టక్కున తీసిండు. ఒక్కటే తీసుడు. "మల్ల తియ్యాల్నా మామా" అంటె, "మల్ల శెరుకుకు వస్త తియ్" అని బాపు కోటు ఇడిసి ఉరికిండు. అవ్వ మాత్రం గా రాత్రి మీ అమ్మ కాడనే ఆగింది.

మరునాడు కడగాలె. కాలువకు అప్పుడే కొత్తగ నీళ్లు ఇడిసిండ్రు, ఎర్రమట్టి కలిసొచ్చినయ్. నేను తెచ్చి గాబుల పోసిన. రాత్రంత తేరితే పైపైన ముంచుకుందామని బావ అన్నడు. పొద్దుగాల లేచి సూస్తే... అబ్బ, నీళ్లా గవి? అద్దం! గాబు అడుగున వడ్డ సూది సుత కనవడ్తది. కాలువ నీళ్లు రాత్రి రాత్రికి గట్ల తేరుడు నేను ఎన్నడు సూడలే. మీ నాయిన సాతి ఇంత పొంగింది. "సూసినవా గంగాధరూ, నీళ్లు తెచ్చుడు కాదు, నీళ్లను నిలవెట్టుడు రావాలె" అన్నడు. బాజు దుకాణంల దర్జీని పిలిచి సూపెట్టిండు. ఛాయ హోటలాయనను పిలిచి సూపెట్టిండు. టికెట్ వెట్టలే, గదొక్కటే తక్కువ.

గా అద్దమసొంటి నీళ్లు కాంగవెట్టి, మందు ఏసినం. ముందుగాల బాగనే కరిగింది. ఇగ సోడా ఏసుడే తడువు... పాలు విరిగినట్టు విరిగింది బిడ్డా! తెల్లగ పెచ్చులు పెచ్చులు. నేను బిత్తరపోయిన. "బావా, పారవోద్దాం" అన్న. మీ నాయిన జర సేపు గిన్నెల సూసి, "గది నురగ. అణుగుతది" అన్నడు. నురగ కిందికి దిగుడు ఎప్పుడన్న సూసినవా? గప్పుడు సూసిన. ధోతి పేల్కల వడవోసి, గా మందుల్నే రీలు ముంచినం, చీకట్ల. ఫోటో వచ్చింది. బాపు వచ్చిండు, అవ్వ వచ్చింది, కోటు వచ్చింది, మొఖాల నిండ తెల్ల సుక్కలు సుత వచ్చినయ్. రీలుకు గా పెచ్చులు అతుక్కొని ఎండిపోయినయ్. రుద్దితే గీతలు వడ్తయ్, రుద్దకపోతె సుక్కలు.

అవ్వ ఫోటో చేతిల వట్టుకొని ఒక్కటే మాట అడిగింది. "మా ఇద్దరికి ఒక్కసారే అమ్మోరు పోసిందా అల్లుడూ?"

మల్ల శెరుకుకు దిగుదాం అన్నడు గదా బాపు. మల్ల శెరుకు రాకముందే, ఆనకాలంలనే పోయిండు. ఇగ గా ఒక్కటే ఫోటో. నువ్వు పొద్దుగాల జర దగ్గరికెళ్లి సూసినవా? బాపు మొఖం మీద నల్లగ సన్న సన్న మరకలుంటయ్. గవి కాటిక. తెల్ల సుక్కలల్ల అవ్వ సూదికొసతోని కాటిక నింపింది, ఒక్కొక్క సుక్క. బాపు సుక్కలే నింపింది, తనయి నింపుకోలే. కాటిక ఎలిసిపోతె మల్ల నింపుతది. ఇప్పటికి గూడ.

ఇగ మీ నాయిన ఖిస్మత్ సూడు. అల్లుడంటె ఎవ్వల ఇంట్లనన్న మొదటి ముద్ద అల్లునికే. మా ఇంట్ల అల్లునికి ఆఖరికి. అందరికి వడ్డిచ్చినంక, గిన్నె అడుగు గోకుతుంటె గప్పుడు అవ్వ మీ నాయిన కంచం కాడికి వచ్చేది. వచ్చి ఊకుంటదా? "నీళ్లు తాగుతవా అల్లుడూ, లేకుంటె ఏమన్న కలిపియ్యాల్నా?" నలభై ఏండ్లు బిడ్డా! మీ అమ్మ పురుడుకు వచ్చినప్పుడు గదే, నీ తొట్టెల నాడు గదే. రంగుల ఫోటోలు వచ్చినయ్, స్టూడియో మూతవడ్డది, మనుషులు ఫోన్లల్ల ఫోటోలు దీసుకునుడు మొదలువెట్టిండ్రు. గా మాట మాత్రం మూతవడలే. నేను గూడ ఎంటవడి నవ్విన, ఎందుకు అబద్ధం. మీ నాయిన మాత్రం గదే పాట, "నీళ్లు మంచియే, మంచియే" అని. గంత మంచియైతె మందు ఎందుకు విరిగిందో సెప్పు బావా అంటె సెప్పరాదు. రాత్రంత తేరిన నీళ్లు, అద్దమసొంటి నీళ్లు, గవి ఎట్ల...

ఆగు. ఆగాగు. అవ్వా! ఓ అవ్వా! గిన్నె కాడ ఏం జేస్తున్నవ్? చేతిల ఏందది?

"పటిక."

పటికనా? ఎందుకే అవ్వా? చెయ్యి తియ్! ముంచకు, ముంచకు! సంధ్యా, పట్టు, గిన్నె ఇటు గుంజు! హమ్మయ్య... తడువలే గదా? సుక్క సుత తాకలే గదా? ఒక్క గడియ ఆగితె ఖతమైపోతుండె.

"గంత వొర్రుతవేందిరా? నీళ్లు మబ్బుగున్నయ్, కండ్లు లేవా? పటిక ఓపారి తిప్పితె మట్టి అడుక్కు దిగుతది. తాగెటోళ్ల కడుపు నొయ్యదా?"

గవి తాగే నీళ్లు గావు అవ్వా! మందు! ఫోటో మందు!

"నాకేమెర్క? మీకు నీళ్లు మంచిగ జేసిచ్చినా ఇనాము ఉండదు. అప్పుడు బోధన్ల గూడ గంతే. గాబుల ఎర్రటి నీళ్లు వెట్టుకొని పండిండ్రు మొగుడు పెండ్లాలు. నేను రాత్రి లేచి, కొంగున ఉన్న పటిక తీసి, చెయ్యి నొప్పి వెట్టేదాంక తిప్పిన. పొద్దుగాల అద్దమోలె అయినయ్. ఎవ్వలన్న అవ్వ జేసిందన్నరా? అల్లుడు తానే జేసినట్టు ఊరంత సూపెట్టిండు. నేను ఒక్క మాటన్ననా?"

...

సంధ్యా. గా ఫోన్ నడుస్తున్నదా? నడవనియ్, నడవనియ్.

మీ నాయిన పేపర్ కింద వడ్డది సూడు. బావా, నోరు మూసుకో, ఈగలు పోతయ్. అవ్వా... గిటు సూడు. పటిక నీళ్లల్ల గా మందు పొయ్యొద్దే. పోస్తె సోడాకు తాకి విరిగిపోతది, పాలోలె. బాపు మొఖం మీద సుక్కలు...

"ఇగ సాలు గంగాధరూ."

ఎందుకు సాలు బావా? నలభై ఏండ్లు తిట్లు తిన్నది నువ్వు! సుక్కలు వెట్టింది నీ నీళ్లు గాదు, అవ్వ పటిక!

అయ్యో. అవ్వ మంచం మీద కూలవడ్డది. పటిక దిక్కే సూస్తున్నది. నా నోట్ల మన్నువడ. అవ్వా, నేను ఊకెనే అన్ననే...

"అత్తమ్మా, గిటు సూడు. పటిక ఒక్కదానిదే గాదు. మందు విరిగింది నాకు కనవడ్డది. పారవొయ్యమని గంగాధరు సెప్పిండు. నురగ అని నేనే అన్న. పారవోసి, యేరే నీళ్లతోని మల్ల కలిపితె మామ మొఖం సాఫ్‌గనే వస్తుండె. నువ్వు మంచికే జేసినవ్."

గీ మాట నలభై ఏండ్ల సంది ఎక్కడ దాచినవ్ బావా? సరే సరే, నేను మాట్లాడ. సంధ్యా, మందు కరిగింది సూడు, తేటగ. జల్ది డబ్బల పొయ్యి. తిప్పు, నిమ్మలంగ. అవ్వ పటికను మల్ల కొంగున ముడేసుకుంటున్నది.

... పారవొయ్యి. ఇగ నీళ్లు. ఇప్పుడు హైపో పొయ్యి. బొమ్మ నిలవడేది దీనితోనే. బావా, నువ్వే పట్టుకో డబ్బ. పట్టుకోవయ్యా, నీ చేతులు మర్వలేదు తియ్. నల్లా నీళ్లు తేరినయ్, బట్టల వడవోసి కడుగుండ్రి, మంచిగ కడుగుండ్రి. ఆఖరు కడుగుడు మాత్రం మల్ల డిస్టిల్డ్ నీళ్లతోనే. ఎండినంక మరకలు ఉండొద్దు. గిప్పుడు మూత తియ్యి. గుంజు... అల్లగ... కిటికీ కాడికి తే, ఎలుగు దిక్కు వెట్టు.

సుక్క లేదు! ఒక్క సుక్క లేదు బిడ్డా! ఇదీ, గిది కడుగుడంటె!

అవ్వా, లే. లేచి సూడు. చెయ్యి వెట్టకు, తడిగున్నది. గిది కాయితం మీద ఎయ్యకముందు రీలు, ఇందుల అన్ని ఉల్టా కనవడ్తయ్. తెల్లది నల్లగ, నల్లది తెల్లగ. అగో, కుర్సీల నువ్వు. ఒళ్లె బాపు. కనవడ్డదా?

"కనవడ్డది. ఎంటికలు..."

ఏమైనయ్ ఎంటికలు?

"నల్లగైనయ్ రా. బోధన్ల దిగిననాడు ఎట్లున్ననో గట్లనే ఉన్న."

ఇన్నవా సంధ్యా? తొంభైకి దగ్గరపడ్డ మనిషికి ఎంటికలు నల్లగైనయ్. కాయితం మీద ఎయ్యకు బిడ్డా, గిట్లనే ఉంచు. నవ్వింది సూడు, నవ్వింది! ఓ శోభా, రొట్టెలు తే! కూర ఎచ్చవెట్టు! లైన్ క్లియర్!

రాండ్రి, అందరు చేతులు సబ్బుతోని కడుక్కోండ్రి, మందు అంటిన చేతులు. సాపలు పరువుండ్రి. అవ్వ నడుమల కూసోవాలె. బావా, నువ్వు ఎప్పటి లెక్క గా సివర... ఏందవ్వా, ఎటు పోతున్నవ్ రొట్టె వట్టుకొని?

"అల్లుడూ, కంచం జరుపు. ఎండిపోయినవ్. మంచి ముక్క ఉన్నది, తిను."

సూసినవా, మొదటి రొట్టె. మీ నాయిన కంచం దిక్కే సూస్తుండు, తినుడు మర్చినట్టున్నడు. తిను బావా, గది నురగ గాదు, కోడికూర. ఇగ నీకు వడ్డిస్తున్నది బిడ్డా, సల్లగుండు, నీ చేతిల వడ్డ రీలుకు ఎన్నడు మరక వడొద్దు. మీ అత్తకు ఏసింది. నాకు... అవ్వా, నా కంచం గిటున్నదే. నన్ను దాటి పోతున్నవ్? నేనేం జేసిన?

"నువ్వు కూసో. నోరు మస్తు నడిచింది గదా పొద్దుగాల సంది, ఆఖరికి ఏస్త. నీళ్లు తాగుతవా, ఏమన్న కలిపియ్యాల్నా?"

బందువెట్టు బిడ్డా గా ఫోన్. బందువెట్టు, అన్నం సల్లగైతున్నది...